ముందు సీటు

పాత నగ కరిగించి కొత్త నగ చేయించుకునేటప్పుడు మనలో ఎవరికీ ధర్మసందేహం రాదు. అమ్మమ్మ కాసులపేరు అమ్మ హయాంలో చంద్రహారం అవుతుంది. అమ్మ చంద్రహారం మన హయాంలో రెండు పేటల గొలుసూ, అమ్మాయికి ఒక జత జుంకాలూ అవుతుంది. తరుగెంత, మజూరీ ఎంత అని కంసాలితో గీచి గీచి బేరమాడతామే తప్ప, ఇంతకీ ఇది అమ్మమ్మ నగేనా కాదా అని ఎవరమూ అడగం. పైగా పేరంటంలో ఎవరైనా పట్టుకుని చూస్తే "మా అమ్మమ్మగారి బంగారమండీ" అని గర్వంగా చెప్పుకుంటాం. పట్టుచీర చిరిగితే పిల్లకి పరికిణీ అవుతుంది. పరికిణీ చిరిగితే దాని అంచు దిండు గలేబుకి ఎక్కుతుంది. ఇవన్నీ మనకి సంసారంలో మామూలే.

అదే మగవాళ్ళు ఎక్కడో తుప్పు పట్టి పడివున్న పాత కారుని ఇంటికి లాక్కొచ్చి, "దీన్ని మళ్ళీ మా నాన్న కారులా తయారుచేయిస్తాను" అన్నారనుకోండి, ఇంటిల్లిపాదీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "ఈయనకి వయసు మీద పడేకొద్దీ చిన్నపిల్లాడి చేష్టలు వస్తున్నాయి" అని మనం వంటింట్లో గొణుక్కుంటాం. నగకి లేని నేరం కారుకి ఎందుకొచ్చింది? నగ అక్కరకు వస్తుంది, కారు డబ్బు తింటుంది అనేది ఒక జవాబు. కాదనను. కానీ ఈ సంగతిలో డబ్బుని మించిన ప్రశ్న మరొకటి ఉందని నాకీమధ్యే తెలిసింది. పాతరోజుల్ని మళ్ళీ తయారుచేయించుకునే హక్కు ఎవరికుంది? చేయించుకుంటే, ఎవరికి గుర్తున్నట్టుగా చేయించుకోవాలి?

మా పెదనాన్నగారిది పెదకూరపాడు. గుంటూరు నించి సత్తెనపల్లి వైపు పోయే రైలు దారిలో ఒక స్టేషను. అప్పట్లో గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నించి పల్నాడు జిల్లా. నల్లరేగడి నేల, పత్తీ, మిరపా. ఆయన మిరపకాయల వ్యాపారం చేసేవారు. 1984లో గుంటూరులో ఎవరిదగ్గరో పాత అంబాసిడర్ కొన్నారు. తెల్లరంగు, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు, ముందువైపు ఒకటే పొడుగాటి సోఫాలాంటి సీటు. నేనూ ఆ కారెక్కినదాన్నే. శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్ళకీ, గుంటూరులో పెళ్ళిళ్ళకీ, అర్ధరాత్రి పురుళ్ళకీ ఆ బజారు మొత్తానికి అదొక్కటే దిక్కు. 1993లో వ్యాపారం దెబ్బతిని దాన్ని అమ్మేశారు. ఆ తర్వాత అది ఎన్ని చేతులు మారిందో, ఏ ఇనప సామాను కొట్లో తేలిందో ఎవరికీ తెలియదు.

మా పెదనాన్నగారబ్బాయి, అంటే మా అన్నయ్య, అరవయ్యో పడిలో పడ్డాక ఆ కారు మీద పడ్డాడు. అసలు కారు ఎలాగూ దొరకదు కనక, అదే కాలం నాటి మరో అంబాసిడర్ని ఎక్కడో ఒక గోదాములో పట్టుకున్నాడు. తలుపులు ఊడిపోయి, ఫ్లోరు తుప్పు తినేసి, ఇంజను బిగుసుకుపోయి ఉంది. టింకరింగు ఒకచోట, ఇంజను పని ఒకచోట, సీట్లు ఒకచోట. ఖర్చు మా వదిన చెప్పిన లెక్క ప్రకారం ఒక చిన్న కొత్త కారు వచ్చేంత. అన్నయ్య చెప్పిన లెక్క వేరే. అది నమ్మేవాళ్ళెవరూ ఇంట్లో లేరు.

వదిన అడిగిన మొదటి ప్రశ్న నిజంగా తాత్త్విక ప్రశ్నే. "ఇందులో మామయ్యగారి కారుది ఒక్క మేకయినా ఉందా?" లేదు. ఒక్కటే ఉంది. ఆ పాత కారు డాష్‌బోర్డు మీద అతికించి వుండే బొటనవేలంత వేంకటేశ్వరస్వామి బొమ్మ. కారు అమ్మేటప్పుడు పెద్దమ్మ దాన్ని పీకి దేవుడి గూట్లో పెట్టుకుంది. "మరైతే అది మామయ్యగారి కారెలా అయింది?" అంది వదిన.

ఈ ప్రశ్న ఇవాళ్టిది కాదు. రెండు వేల ఏళ్ళ కిందట మిళిందుడనే యవన రాజుకి నాగసేనుడనే బౌద్ధ భిక్షువు వేసిన ప్రశ్న కూడా ఇదే. రాజా, నువ్వు నడిచొచ్చావా, రథమెక్కి వచ్చావా అని అడిగాడట. రథం మీద వచ్చానన్నాడు రాజు. అయితే రథమంటే ఏమిటి, ఇరుసా, చక్రమా, నొగలా, పగ్గాలా? ఒక్కొక్కదానికీ కాదు కాదు అంటూ పోయాడు రాజు. చివరికి తేలిందేమిటంటే, రథమనేది ఏ ఒక్క ముక్కలోనూ లేదు, ఇవన్నీ ఒకచోట కుదురుకున్నప్పుడు మనం పెట్టుకున్న పేరది. మనిషి సంగతీ అంతే సుమా అని నాగసేనుడు చెప్పదలుచుకున్నది. గ్రీకులకీ ఇలాంటి చిక్కే వచ్చింది. థీసియస్ అనే వీరుడి ఓడని ఏథెన్సు వాళ్ళు పుచ్చిపోయిన పలకలు తీసి కొత్త పలకలు వేస్తూ నిలబెట్టుకొచ్చారు. అది పాత ఓడేనా, కొత్తదా అని పండితులు వాదించుకునేవారని ప్లూటార్క్ రాశాడు.

మనవాళ్ళు ఈ ప్రశ్నకి వాదన లేకుండానే జవాబు చెప్పేశారని నాకనిపిస్తుంది. కోటప్పకొండ తిరనాళ్ళకి చుట్టుపక్కల ఊళ్ళు ప్రభలు కడతాయి. వెదుళ్ళూ, గుడ్డలూ, రంగుకాగితాలూ, ఈ మధ్య కాలంలో విద్యుద్దీపాలూ. ఏటేటా విప్పడం, ఏటేటా కట్టడం. ఇది నిరుటి ప్రభేనా అని ఎవరూ అడగరు. మా ఊరి ప్రభ అంటారు, అంతే. పూరీలో జగన్నాథుడికైతే కొయ్య విగ్రహమే మార్చేస్తారు. నవకళేబరం అంటారు. 1996లో జరిగింది, మళ్ళీ 2015లో జరిగింది. పాత విగ్రహంలో ఉన్న బ్రహ్మపదార్థాన్ని రహస్యంగా కొత్త విగ్రహంలోకి చేరుస్తారు. ఒళ్ళు కొత్తది, స్వామి పాతవాడే. అన్నయ్య ఈ మాట పట్టుకుని, దేవుడి గూట్లోని బొటనవేలంత వేంకటేశ్వరస్వామిని చూపించి, "ఇదుగో బ్రహ్మపదార్థం" అన్నాడు. వదిన నవ్వేసింది. నవ్విందంటే సగం ఒప్పుకున్నట్టే.

కానీ సర్కారువారు అంత తేలిగ్గా ఒప్పుకోరు. 2021లో కేంద్రప్రభుత్వం పాతకాలపు బళ్ళకి ప్రత్యేకమైన నిబంధనలు చేసింది. యాభై ఏళ్ళు దాటి ఉండాలి. తయారైనప్పటి రూపంలోనే ఉండాలి. చాసీ, బాడీ, ఇంజను చెప్పుకోదగ్గంతగా మార్చి ఉండకూడదు. అప్పుడే దానికి 'వింటేజ్' హోదా, ప్రత్యేకమైన నంబరు. మొదటిసారి రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయలు. అంత గౌరవమూ ఇచ్చి, రోజువారీ పనులకి రోడ్డెక్కవద్దన్నారు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ తిరగవచ్చు. సుప్రీంకోర్టు కూడా 2019లో, కంపెనీ తయారుచేసిన వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదని చెప్పింది. భద్రత కోసం పెట్టిన నియమాలివి, సబబే. కానీ నాకు అందులో ఒక తమాషా కనిపించింది. ఏమీ మారకుండా ఉంటేనే గౌరవం. గౌరవం దక్కాక పనిచెయ్యకూడదు. మన ఇళ్ళల్లో కొందరు పెద్దవాళ్ళకి మనమిచ్చే గౌరవం కూడా ఇలాంటిదే కదా!

ఏమీ మారకుండా నిలిచిపోయిన కారుని చూడాలంటే హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళండి. పసుప్పచ్చ రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దాన్ని సింహాసనం లాంటి సీటుతో చేయించమని పురమాయించాడు. 1911లో ఆయన కన్నుమూశాడు. కారు ఆయన ఎక్కలేదు. ఆ తర్వాత కూడా అది తిరిగింది బహుకొద్ది దూరం. ఎంత మెరుస్తున్నా, ఎక్కాల్సిన మనిషి ఎక్కని కారుని చూస్తే నాకెందుకో దిగులేసింది. అదే ఊళ్ళో బహదూర్‌పురాలో కె. సుధాకర్‌గారి కార్ల మ్యూజియం ఉంది. 2010లో తెరిచారు. ఆయన కుర్రతనంలోనే పాత సామానుతో బళ్ళు తయారుచెయ్యడం మొదలుపెట్టి, చివరికి వంకాయ కారూ, ఫుట్‌బాల్ కారూ, ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగు కారూ, ఎత్తుమడమ చెప్పు కారూ చేశారు. 2005లో 41 అడుగుల పైచిలుకు ఎత్తున్న మూడుచక్రాల సైకిలు చేసి, తొక్కి, గిన్నిస్ పుస్తకంలోకెక్కారు. అక్కడ పిల్లలు పగలబడి నవ్వుతూ ఉంటారు. ఆ నిజాం కారుకి లేని ప్రాణమేదో ఈ వంకాయకి ఉందనిపించింది. చిన్నప్పటి ఊహని పెద్దయ్యాక చేతుల్తో చేసి చూపించడం తప్పెలా అవుతుంది?

తప్పు కాదు. కానీ సుధాకర్‌గారి వంకాయ ఆయన ఒక్కరి ఊహ. మా అన్నయ్య అంబాసిడర్ అలాంటిది కాదు. అది ఇంటిమొత్తం జ్ఞాపకం. చిక్కంతా అక్కడే వచ్చింది.

కారు సగం తయారయ్యాక అన్నయ్య పెదకూరపాడు వెళ్ళి పెద్దమ్మకి ఫోనులో ఫోటోలు చూపించాడు. పెద్దమ్మకి ఎనభై దాటాయి. చూపు కొంచెం మందగించినా మాట మందగించలేదు. "అమ్మా, గుర్తుందా? మనం కొండకి ఎట్టా పోయేవాళ్ళమో! నాన్న నడుపుతుంటే ఆ గాలీ, ఆ పాటలూ..." అని ఇతను పరవశించిపోతున్నాడు. ఆవిడ అంతా విని, "గాలి మీకు తగిలింది నాయనా. ఆ కార్లో ముందు సీట్లో నేనెప్పుడు కూర్చున్నాను? ఒక్కసారన్నా కూర్చోబెట్టాడా మీ నాయన?" అంది.

అన్నయ్య మాట్లాడలేకపోయాడు. నిజమే మరి. ముందు సీట్లో పెదనాన్నగారు, ఆయన పక్కన ఊరి పెద్దమనిషో, వియ్యంకుడో, గుంటూరు సేటో, వాళ్ళెవరూ లేకపోతే మగపిల్లాడు. వెనక సీట్లో పెద్దమ్మా, ఆవిడ ఒళ్ళో ఒకరూ, పక్కన నలుగురు ఆడపిల్లలూ, కాళ్ళ దగ్గర పులిహోర గిన్నే. ఎవరికి కడుపులో తిప్పినా ఆవిడ కొంగే. నిమ్మకాయ వాసన చూపిస్తూ, గిన్నె ఒలకకుండా కాలు అడ్డం పెట్టుకుని, ఆవిడ కోటప్పకొండ దాకా వెళ్ళి వచ్చేది. ఒకే కారు, ఒకే దారి. కొడుకు గుర్తుపెట్టుకున్నది గాలి. తల్లి గుర్తుపెట్టుకున్నది గిన్నె.

ఇద్దరిలో ఎవరి జ్ఞాపకం నిజం? రెండూ నిజమే. ఇక్కడే నాకొక సంగతి తోచింది. జ్ఞాపకం స్వార్జితం కాదు, ఉమ్మడి ఆస్తి. ఉమ్మడి ఇంటిని ఒక్కడే తన సొంత డబ్బుతో బాగుచేయిస్తున్నా సరే, మిగతా వాటాదార్లని ఒక మాట అడగడం మర్యాద. అడక్కుండా చేయిస్తే, తన గదికి కిటికీలు పెట్టించి తల్లి గదికి గోడ కట్టినట్టవుతుంది. 'ఆ రోజులే వేరండీ' అని నిట్టూర్చేవాళ్ళని చూసినప్పుడల్లా, ఆ రోజుల్లో వీరు కారులో ఏ సీట్లో కూర్చున్నారో అడగాలనిపిస్తుంది. కూర్చున్న సీటుని బట్టి కదా దారి కనిపించేది!

అయితే దీనికొక ఎదురుమాట ఉంది. పెదనాన్నగారు పోయారు. ఆయన కారుని ఆయన నడిపినట్టే, ఆయన కాలంలో ఉన్నట్టే నిలబెట్టడం కొడుకు ధర్మం కాదా? దాన్ని మార్చి, ఆయన చెయ్యని మర్యాద ఆయన పేరు మీద ఇప్పుడు చేస్తే, అది ఆయన్ని తప్పుపట్టినట్టు కాదా? ఈ ప్రశ్న వేసింది మా చిన్నక్క. తండ్రంటే ప్రాణం దానికి. ఆయన దుర్మార్గుడేం కాదు, ఆ కాలం అలాంటిది అంది. అదీ నిజమే. కానీ తండ్రి ఆస్తి పుచ్చుకున్న కొడుకు తండ్రి అప్పులు కూడా తీర్చాలని మన పెద్దలే చెప్పారు. అప్పు తీర్చినంత మాత్రాన తండ్రిని దొంగన్నట్టు కాదు, తండ్రి పరువు నిలబెట్టినట్టు. జ్ఞాపకాల్లో కూడా ఆస్తులున్నట్టే అప్పులుంటాయి. గాలీ, పాటలూ ఆస్తి. ముందు సీటు అప్పు.

ఇంతకన్నా గట్టి ఎదురుమాట వదినది. ఊళ్ళో పెద్దమ్మ ఉంటున్న ఇల్లు వానాకాలంలో రెండుచోట్ల కురుస్తుంది. "బతికున్న అత్తగారి నెత్తిమీద కప్పు కురుస్తుంటే, చనిపోయిన మామగారి కారు టాపుకి రంగు వేయిస్తారా?" అంది. దీనికి నాగసేనుడి దగ్గర కూడా జవాబు లేదు. ఉన్నవాళ్ళ అవసరం తీర్చకుండా పోయినవాళ్ళ గురుతులు నిలబెట్టడం భక్తి కాదు, భక్తి పేరుతో తప్పించుకోవడం. పోయినవాళ్ళని ప్రేమించడం సుళువు, వాళ్ళు మందులకి డబ్బడగరు, రాత్రిళ్ళు దగ్గరు. అందుకని నేను వదిన పక్షమే చేరాను. కారు మూడు నెలలు షెడ్డులో ఆగింది. ముందు ఇంటికప్పు పని అయింది. ఆ తర్వాతే కారు టాపు పని.

ఆఖరికి కారు తయారైంది. అన్నయ్య మొదట అనుకున్నట్టు ముందువైపు రెండు విడివిడి సీట్లు పెట్టించలేదు. పొడుగాటి సోఫా సీటే ఉంచాడు. పెద్దమ్మ మోకాళ్ళకి వీలుగా కాస్త మెత్తగా కుట్టించి, ఎక్కేటప్పుడు పట్టుకోవడానికి తలుపు లోపల ఒక కైదండ లాంటి పిడి బిగించాడు. పాత కార్లంటే ప్రాణమిచ్చే అతని స్నేహితుడొకాయన అది చూసి, "అయ్యో, ఒరిజినాలిటీ పాడుచేశావయ్యా" అని నొచ్చుకున్నాడట. ఆయన నొచ్చుకోవడంలోనూ న్యాయం లేకపోలేదు. ఒక వస్తువు పుట్టినప్పుడెలా ఉందో అలాగే కొన్నయినా మిగలకపోతే ముందుతరాలకి నిజం తెలిసేదెలా? హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు 2014 మేలోనే అంబాసిడర్ తయారీ ఆపేశారు. ఇక కొత్తవి రావు. అందుకని మ్యూజియంలో పెట్టేదాన్ని ఉన్నదున్నట్టు ఉంచాలి. ఇంట్లో పెట్టుకునేదాన్ని మాత్రం ఇంట్లో మనుషులకి తగ్గట్టు మార్చుకోవాలి. ఈ రెండూ కలగాపులగం చేసినప్పుడే గొడవ.

పెద్దమ్మ ముందు సీట్లో కూర్చుంది. మనవరాలు కారు నడిపింది. స్టీరింగు పక్కనుండే గేరు పది రోజులు కష్టపడి నేర్చుకుంది పిల్ల. సత్తెనపల్లి దాకా బాగానే సాగింది. అక్కడ పెద్దమ్మ కారాపించి, "ఇక్కడ ఎండ మొహానే కొడతంది. వెనకే నయంగా ఉంది" అని దిగి వెనక సీట్లోకి మారిపోయింది! అన్నయ్య మొహం చూడాలి మీరు. ఇంత చేసింది ఇందుకేనా అన్నట్టు అయిపోయాడు.

నలభై ఏళ్ళు ఆలస్యంగా ఇచ్చిన సీటు అప్పటి సీటుతో సమానం కాదు. నలభై ఏళ్ళ మనిషికి తగలని గాలి ఎనభై ఏళ్ళ మనిషికి తగిలితే ఆ లెక్క తీరదు. అప్పులో ఏదో వడ్డీ ముట్టిందేమో గాని, అసలు అలాగే ఉంటుంది. అది ఒప్పుకోవాలి. అయినా అది వృథా అని మాత్రం నేననను. వెనక సీటు ఇష్టపడటం వేరు, వెనక సీటే దిక్కు కావడం వేరు. ఆ రోజు పెద్దమ్మ వెనక్కి వెళ్ళింది తన ఇష్టంతో, తన నోటితో చెప్పి, కారు ఆపించి మరీ. ఆ కారులో ఆవిడ మాటకి కారు ఆగడం బహుశా అదే మొదటిసారి.

పెదకూరపాడుకి అమరావతి ఎంతో దూరం లేదు. అక్కడి స్తూపం తాలూకు రాతిపలక ఒకటి ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. క్రీస్తుకి పూర్వం మొదటి శతాబ్దంలో దానిమీద ఒకవైపు బోధివృక్షానికి మొక్కుతున్న జనాన్ని చెక్కారు. మూడు నాలుగు వందల ఏళ్ళ తర్వాత, స్తూపానికి కొత్త హంగులు చేసేటప్పుడు మన శిల్పులు ఆ రాయిని పారెయ్యలేదు, పాత బొమ్మని చెరిపెయ్యనూ లేదు. రాయిని ఇటు తిప్పి రెండోవైపున, తమ కాలానికి నచ్చినట్టుగా, స్తూపాన్నే చెక్కారు. ఇవాళ పండితులు రెండువైపులా చూసి ముచ్చటపడుతున్నారు. పాతదాన్ని బాగుచెయ్యడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు కనిపించలేదు. పాతముఖం చెరపకూడదు. రెండో ముఖం చెక్కడం మానకూడదు. ఇంట్లో ముసలివాళ్ళని వాళ్ళ చిన్ననాటి ముచ్చట్లు అడిగేటప్పుడు, మగవాళ్ళు చెప్పింది విన్నాక రాయిని ఇటు తిప్పి ఆడవాళ్ళు చెప్పేదీ వినాలి.

మనవైపు పాత చీరలన్నీ పేర్చి బొంత కుట్టుకోవడం అలవాటు. అందులో పెళ్ళిచీర ముక్క ఉంటుంది, పురిటిలో కట్టుకున్న చీర ముక్క ఉంటుంది, అత్తగారు కోపంగా విసిరికొట్టిన చీర ముక్క కూడా ఉంటుంది. బాగున్నవి మాత్రమే ఏరి కుడితే బొంత చలికాగదు. మీ ఇంట్లో మీవారికో, అన్నయ్యకో పాత కారు పిచ్చో, పాత ఇంటి పిచ్చో పట్టిందనుకోండి. వెంటనే కసురుకోకండి. ఖర్చెంతో అడగండి, అడగాల్సిందే. ఇంటికప్పు సంగతి గుర్తుచెయ్యండి. ఆ తర్వాత నెమ్మదిగా, "అందులో నా సీటెక్కడ?" అని కూడా అడిగి చూడండి. ఏం చెబుతారో వినాలని నాకూ సరదాగా ఉంది.